బోర్డు మీద మిగిలిన బిళ్ల

ప్లాంటు నడుస్తున్నప్పుడు ఎవరికీ భయం వేయదు. ఆగినప్పుడే వేస్తుంది. రోజంతా చెవుల్లో ఉండే ఆ హోరు ఒక్కసారిగా పోయేసరికి మనం మాట్లాడే మాట మనకే పెద్దగా వినిపిస్తుంది. ప్రహరీ అవతల అడవిలో ఎండుటాకుల మీద ఏదైనా నడిస్తే అదీ తెలుస్తుంది. ఏడాదికోసారి బాయిలర్ ఆపి, చల్లార్చి, పొట్ట విప్పి బాగుచేసే పనిని మేం షట్‌డౌన్ అంటాం. ఆ పనికి ప్లాన్ గీసి, రోజూ అందరి వెంటా పడి, చెప్పిన తేదీకి మళ్లీ మంట వెలిగేలా చూడటం నా ఉద్యోగం.

పాల్వంచ దాటి భద్రాచలం వైపు వెళ్తూ, మెయిన్ రోడ్డు వదిలి అడవి అంచు పట్టుకుని పోతే వస్తుంది ఆ ప్లాంటు. పేరు చెప్పను. ఊక, కట్టెపొట్టు మండించి కరెంటు తీసే చిన్న ప్లాంటు అనుకోండి చాలు. చుట్టూ టేకు, తునికి చెట్లు. అడవిని చదును చేసి కట్టారు కాబట్టి అడవి ఇంకా ఒప్పుకున్నట్టు ఉండదు. ప్రతి వానాకాలం ప్రహరీ పగుళ్లలోంచి మొలకలు లోపలికి వస్తుంటాయి, మా వాళ్లు పీకేస్తుంటారు.

మా నాన్నకు ఖమ్మంలో తాళాలు, ఇనప్పెట్టెలు బాగుచేసే దుకాణం. తాతల నాటి నుంచి అదే పని. మా ఇంట్లో ఎవరైనా జిన్నులు, దయ్యాలు అని మొదలుపెడితే నాన్న తల ఎత్తకుండానే, ముందు ఆ స్క్రూడ్రైవర్ ఇటివ్వు అనేవారు. ఆయన దగ్గర్నుంచి నాకు వచ్చినవి రెండే: చేతిపని మీద గౌరవం, ముక్కు మీద కోపం. ఆ రెండోదాని వల్లే మొదటి రెండు ఉద్యోగాలు మారానని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

అప్పటికి ఆ ప్లాంటులో నాది కాంట్రాక్టు ఉద్యోగం. ప్రతి వేసవిలోనూ, వచ్చే వేసవికి ఉంటానో లేదో అనుకుంటూ చేసే ఉద్యోగం. ఆ ఏడు ప్లానింగ్ ఇన్‌ఛార్జిగా ఉన్నాయన వెళ్లిపోయాడు. ప్లాంట్ హెడ్ నన్ను పిలిచారు. గుంటూరు వైపు మనిషి, మర్యాదగా మాట్లాడుతూనే నెత్తిన బండ పెట్టగలరు.

"చూడమ్మా, ఈ షట్‌డౌన్ మొత్తం నీ చేతిలో పెడుతున్నాను. వానలు పడకముందే, అనుకున్న రోజుకి బాయిలర్ వెలిగిందా, ఆ కుర్చీ నీది. పర్మనెంటు. వెలగలేదా, పైవాళ్లకి నేనేం సమాధానం చెప్పుకోలేను" అన్నారు.

ఆ కుర్చీ నాకు కావాలి. సిగ్గు లేకుండా చెప్తున్నాను, చాలా కావాలి. ఖమ్మంలో చదువుకున్న ఆడపిల్ల అడవిలో బాయిలర్ దగ్గర ఏం చేస్తుంది అన్న బంధువులందరి ముందూ ఆ కుర్చీలో కూర్చోవాలి. అందుకోసం రాత్రుళ్లు ఫోనులో ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ కోర్సు కూడా చేశాను. కోర్సులో చాలా పెద్ద పెద్ద మాటలు నేర్పారు. సైటులో నాకు అక్కరకొచ్చింది మాత్రం నేను సొంతంగా నేర్చుకున్న ఒక ప్రశ్న. పని ఎంత అయింది అని ఎవర్నీ అడగకూడదు. అడిగితే తొంభై శాతం అంటారు, ఆ తొంభై శాతం వారం దాకా కదలదు. ఇంకేం మిగిలింది అని అడగాలి. అప్పుడు మనిషి ఆగి, తల గోక్కుని, నిజం చెప్తాడు.

పొద్దున్నే టీ గ్లాసులు పట్టుకుని నిలబడే మా మీటింగులో ఆ ఒక్క ప్రశ్నే అడిగేదాన్ని. వెల్డర్లను, ఫిట్టర్లను, చివర్లో మేస్త్రీని. బూడిద తీసి లోపలి ఇటుక గోడ కట్టే గ్యాంగు ఆయనది. అదే అడవిలో ఇంకాస్త ఎగువనున్న ఊరి మనిషి, గ్యాంగంతా ఆ ఊరివాళ్లే. వాళ్లలో వాళ్లు కోయభాష, మాతో తెలుగు. ఆయన వయసు ఎంతో నేను అంచనా కట్టలేకపోయాను. జుట్టు నెరిసింది గానీ ఇటుకల తట్ట ఎత్తితే మా కుర్ర ఇంజినీర్లు పక్కకు తప్పుకునేవాళ్లు. ప్లాంటు మొదలైనప్పటి నుంచి ఒక్క షట్‌డౌన్ కూడా మానలేదట. మిగతా ఏడాదంతా ఎక్కడికి పిలిచినా పోడట. ఈ పని ఒక్కటే చేస్తాడట.

ఆ ఏడు నేను కొత్తగా పెట్టింది బిళ్లల బోర్డు. ఎక్కడో ఒకచోట మనిషి లోపల ఉండగానే బాయిలర్‌లోకి దూరే మ్యాన్‌హోల్ మూత బిగించేశారని, లోపల్నుంచి తడుతున్న చప్పుడు ఎవరో విన్నారు కాబట్టి బతికాడని కొత్తలో ఒక కథ విన్నాను. ఆ తర్వాత చాలాసార్లు కలలో ఆ చప్పుడు నేను విన్నాను. అందుకని నాన్నతో రేకు బిళ్లలు కోయించి తెచ్చాను. మనిషికొకటి. లోపలికి పోయేటప్పుడు బోర్డు మీద తగిలించాలి, బయటికి వచ్చాక తీసి జేబులో వేసుకోవాలి. పేరు రాసుకోలేనివాళ్లు మేకుతో ఏదో ఒక గుర్తు గీసుకున్నారు. ఒకడు చేప, ఒకడు గొడ్డలి, ఒకడు వాళ్లావిడ ముక్కుపుడక.

ఆ బోర్డు ముందు అందర్నీ నిలబెట్టి క్లాసు పీకాను. "ఎవరి బిళ్ల వాళ్లే తీయాలి. పక్కోడిది కూడా తీసేద్దామని చెయ్యి పెడితే ఆ రోజే ఇంటికి పంపిస్తాను."

మేస్త్రీ వెనక వరసలోంచి అడిగాడు. "లోపల ఉన్నోడు బిళ్ల తియ్యకపోతే ఏంది మేడం?"

"మంట పెట్టం."

"పెద్ద సారు చెప్పినా?"

"ఆయన చెప్పినా పెట్టం."

"వానొచ్చినా? తేదీ దాటిపోయినా?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది, ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. "ఆ దేవుడు దిగొచ్చి చెప్పినా పెట్టను, సరేనా" అన్నాను. ఆయన నవ్వలేదు. అవ్ అని తల ఊపి, తన గ్యాంగు బిళ్లల గుత్తి తీసుకుని వెళ్లిపోయాడు.

పని మొదలైంది. మొదటి రోజుల్లో నేను గమనించినవి చిన్న చిన్న సంగతులు. మేస్త్రీ మనుషులు లోపల గట్టిగా మాట్లాడరు. బయట ఒకర్నొకరు నోటికొచ్చినట్టు తిట్టుకునేవాళ్లు మ్యాన్‌హోల్‌లో తల దూర్చగానే గొంతు తగ్గించేవారు, పడుకున్నవాళ్లు ఉన్న ఇంట్లోకి వచ్చినట్టు. సాయంత్రం అందరికంటే చివర మేస్త్రీ బయటికి వచ్చేవాడు. వచ్చాక వెనక్కి తిరిగి, ఆ గుండ్రటి చీకట్లోకి ఏదో ఒక మాట అని వచ్చేవాడు. నేను అడిగితే, పనిముట్లు మర్చిపోయినమా అని చూసిన మేడం అనేవాడు. పనిముట్లతో ఎవరూ అంత మెత్తగా మాట్లాడరు.

ఇంకోటి నాకే జరిగింది. మధ్యాహ్నం భోజనాల వేళ, పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని నా బిళ్ల తగిలించి లోపలికి వెళ్లాను. మూత దగ్గర కాపలా మనిషి ఉన్నాడు, లోపల ఎవరూ లేరు. బాయిలర్ లోపల ఎప్పుడూ చూడనివాళ్లకు చెప్పడం కష్టం. నాలుగు వైపులా నిలువు గొట్టాలు, పైన ఎక్కడో చీకటి, కాలి కింద మెత్తటి బూడిద, పాత మంట వాసన. టార్చి పట్టుకుని గోడకీ, కట్టిన మంచెకీ మధ్య ఇరుకు సందులో నడుస్తున్నాను. ఎదురుగా వస్తున్న మనిషి పక్కకు ఒదిగి నాకు దారి ఇచ్చినట్టు అనిపించింది. కనిపించలేదు, వినిపించలేదు. దారి ఇచ్చారు, అంతే. అలవాటు కొద్దీ థాంక్స్ అన్నాను కూడా. బయటికి వచ్చి టీ తాగి, రాత్రి నిద్ర చాలలేదు, అందుకే ఇలా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పని మాత్రం ఆగలేదు. నిజం చెప్పాలంటే నా జీవితంలో అంత శుభ్రంగా నడిచిన షట్‌డౌన్ ఇంకొకటి లేదు. రావాల్సిన గొట్టాలు ఒకరోజు ఆలస్యమైతే ఇటుక పని ముందుకు జరిపాను. క్రేన్ మొరాయిస్తే మేస్త్రీ గ్యాంగు తాళ్లతో ఎత్తేసింది. గోడ మీద నేను అంటించిన చార్టులో గళ్లన్నీ ఒక్కొక్కటే ఆకుపచ్చగా మారుతుంటే, ఆ కుర్చీ నా వైపు జరుగుతున్నట్టే ఉండేది.

చివరి రోజు ఆకాశం మబ్బు పట్టింది. మధ్యాహ్నానికి అందరూ బయటికి వచ్చేశారు. మీటింగులో నా ప్రశ్న అడిగాను. ఇంకేం మిగిలింది? ఏం లేదు మేడం, మూత బిగించడమే అన్నారు. ఊక బంకరు నిండింది, పంపులు సిద్ధం, ప్లాంట్ హెడ్ కంట్రోల్ రూములోంచి దిగి వచ్చి నాకు చెయ్యి కూడా కలిపారు. అలవాటు ప్రకారం బోర్డు చూద్దామని తిరిగాను.

ఒక బిళ్ల వేలాడుతోంది.

దాని మీద పేరు లేదు, గుర్తు లేదు. గాలి లేకపోయినా కొంచెం ఊగుతోంది. ఇప్పుడే ఎవరో తగిలినట్టు.

ఎవడో మర్చిపోయి ఉంటాడనుకుని కేకలేశాను. అందరూ జేబులు తడుముకున్నారు. ఎవరి బిళ్ల వాళ్ల దగ్గర ఉంది. కాంట్రాక్టరు హాజరు పట్టీ తెప్పించాను, గేటు దగ్గర లెక్క అడిగాను, ఒక్కొక్కర్నీ నా ముందు నిలబెట్టి చూసుకున్నాను. ఎవరూ తగ్గలేదు. ఫిట్టర్లను లోపలికి పంపాను. పై దాకా టార్చి వేసి చూసొచ్చారు. ఎవరూ లేరు మేడం, బూడిద కూడా లేదు, అద్దంలా ఉంది అన్నారు.

"మరింకేంటమ్మా? తీసి పక్కన పడేయ్, మూత బిగించమను" అన్నారు ప్లాంట్ హెడ్.

నా చెయ్యి లేవలేదు. మూత బిగించే ముందు సుత్తితో ఇనుము మీద కొట్టి, లోపలికి పిలిచి, చెవి పెట్టి వినాలి. అది నేను రాసిన పద్ధతే. ముందు అది చేస్తాను సార్ అన్నాను. మెట్లెక్కి మ్యాన్‌హోల్ దగ్గరికి వెళ్లి సుత్తితో కొట్టాను. లోపల ఎవరైనా ఉన్నారా అని అరిచాను. నా గొంతు లోపలంతా తిరిగి పైకెక్కి ఆరిపోయింది. ఆగాం.

లోపల్నుంచి తట్టారు. గట్టిగా కాదు. పగటిపూట పక్కింటివాళ్లు మడిచిన వేలితో తలుపు తట్టినంత.

నా పక్కన ఉన్న ఫిట్టరు సుత్తి కింద పెట్టేశాడు. కింద నిలబడ్డవాళ్లు కూడా విన్నారు, వాళ్ల మొహాలు చూస్తే తెలిసింది. ఎండకు ఇనుము సాగుతుందమ్మా, చప్పుడు చేస్తుంది అన్నారు ప్లాంట్ హెడ్ కింద నుంచి. పొద్దున్నుంచి ఎండ లేదు. మళ్లీ మనుషుల్ని పంపాను, ఈసారి నేనూ వెళ్లాను. గొట్టాల వెనక, బూడిద తొట్టిలో, మనిషి పట్టని చోట్ల కూడా వెతికాం. ఎవరూ లేరు. బయటికి వచ్చేసరికి మెట్ల దగ్గర మేస్త్రీ నిలబడి ఉన్నాడు, తలపాగా తీసి చేతిలో పట్టుకుని.

"ఆ బిళ్ల మాది మేడం" అన్నాడు.

"మీదంటే? ఎవరిది?"

"మా తమ్మునిది."

"మీ తమ్ముడు ఏ గ్యాంగు? హాజరులో లేడే."

"పనిల లేడు. లోపల ఉన్నడు."

"ఎప్పుడు వెళ్లాడు లోపలికి?"

"ఇది కట్టకముందు" అన్నాడు.

అందరి ముందూ, తల దించుకుని, తొందర లేకుండా చెప్పాడు. వాళ్ల ఊళ్లో అడవిలోకి పోయేవాళ్లు దారి మొదట్లో పచ్చి కొమ్మ ఒకటి తుంచి, ఒక చోట పెట్టి పోతారట. వచ్చేటప్పుడు ఎవరి కొమ్మ వాళ్లే తీసి పారేస్తారట. కొమ్మ ఉందంటే మనిషి ఇంకా లోపల ఉన్నట్టు. పెళ్లాం గానీ, తల్లి గానీ ముట్టుకోరు. మేస్త్రీ తమ్ముడు, పెళ్లీడుకొచ్చిన మనిషి, ఒకరోజు వెదురు కోసమని కొమ్మ పెట్టి పోయాడు. తిరిగి రాలేదు. ఊరంతా వెతికారు. ఎలుగుబంటో, వాగో, ఏదీ తెలియలేదు, గుడ్డపేలిక కూడా దొరకలేదు. కొమ్మ ఎండిపోయినప్పుడల్లా ఇంటివాళ్లు దాని పక్కనే కొత్తది పెట్టుకుంటూ వచ్చారు. తర్వాత ఆ అడవికి మిషన్లు వచ్చాయి. దారి మొదలు ఉన్న చోట గేటు వచ్చింది. లోపల ప్లాంటు వచ్చింది.

"కొమ్మను మిషన్ నూకేసింది మేడం. వాడు తీయలే. మరి వాడు బయటికి వచ్చినట్టా, రానట్టా?" అన్నాడు.

ఆయనే మళ్లీ అన్నాడు. "వాడు పోయింది గీ జాగలకే. పని దొరికినప్పుడల్లా వచ్చి లోపల పిలిచి చూస్తున్న. మీరు మంట పెట్టేటప్పుడు గేటు బయట కూసునేటోణ్ని. వానికి కాలుతది గద. ఎవరికి చెప్పాలె? చెప్తే పిచ్చోడంటరు. గీ ఏడు నువ్వే చెప్పినవ్. బిళ్ల ఉంటే మంట పెట్టం, పెద్ద సారు చెప్పినా పెట్టం, దేవుడు దిగొచ్చినా పెట్టం అన్నవ్. గందుకే గుత్తిల మిగిలిన బిళ్ల ఇయ్యాల పెట్టిన."

నాకు ఏడుపు వచ్చింది. భయంతో కాదు. ఇన్నేళ్లు మేం తన తమ్ముడి మీద మంట పెడుతుంటే ఆ మనిషి గేటు బయట కూర్చుని చూశాడు, మేమేమో అదే రోజు లోపల లడ్డూలు పంచుకున్నాం. ఆయన నమ్మింది నిజమా కాదా అన్న ఆలోచన అప్పుడు నాకు రాలేదు. నేను చెప్పిన రూలు అంతగా నమ్మినవాళ్లు ఇంకెవరూ లేరన్నది మాత్రం తెలిసింది.

ప్లాంట్ హెడ్ ముందు తేరుకున్నారు. "ఇక్కడ ప్రాజెక్టు చేస్తున్నామా, కథలు చెప్పుకుంటున్నామా? తప్పుకో, నేను తీస్తాను" అని బోర్డు వైపు నడిచారు. నేను ముందుకెళ్లి బోర్డుకు అడ్డం నిలబడ్డాను. కోపం వస్తే నాకు భయం పోతుంది, ఆ ఒక్క లాభం ఉంది దానివల్ల.

"సార్, ఈ ఒక్కటి మీరు తీస్తే, రేపటి నుంచి ఎవరి బిళ్లనైనా మీరు తీయొచ్చని వీళ్లకు అర్థమవుతుంది. అప్పుడిక ఈ బోర్డు ఎందుకు? వచ్చే ఏడు ఎవడు నమ్మి లోపలికి పోతాడు?"

"ఆ కుర్చీ నీకు వద్దా అమ్మా?" అని మెల్లగా అడిగారు ఆయన.

"కావాలి సార్" అన్నాను. "కాసేపు టైమివ్వండి."

చీకటి పడేలోగా వెలగాలి, లేకపోతే కుర్చీ మాట మర్చిపో అని ఆయన కంట్రోల్ రూములోకి వెళ్లిపోయారు. మేస్త్రీ వైపు తిరిగాను. ఏం అడగాలో కోర్సులో నేర్పలేదు. బిళ్ల తగిలించినవాడు కనబడకపోతే వాణ్ని వెతికి బయటికి తీసుకురావాలి, రూలు అదే. అదే అడిగాను.

"మీరు తీసుకురాగలరా?"

"అడుగుత" అన్నాడు. "ఇంతమంది ఉంటే రాడు. సిగ్గు వానికి."

అందర్నీ గేటు దారి వైపు పంపేశాను. తెరిచిన మ్యాన్‌హోల్ దగ్గర ఎవర్నీ ఒంటరిగా వదలకూడదు కాబట్టి నేను మాత్రం కింద, స్తంభం పక్కన నిలబడ్డాను. మేస్త్రీ పైకెక్కి మ్యాన్‌హోల్ ముందు గొంతుక్కూర్చుని లోపలికి మాట్లాడటం మొదలుపెట్టాడు. కోయభాష, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా అది చనిపోయినవాళ్లతో మాట్లాడే తీరు కాదని తెలుస్తోంది. పని అయిపోయినా ఇంటికి రాని తమ్ముణ్ని కసురుతున్నట్టుంది. మధ్యలో ఆగి వింటున్నాడు. ఒకసారి నవ్వాడు. నెమళ్లు అరుస్తున్నాయి బయట. ఇంకెక్కడా చప్పుడు లేదు.

తర్వాత చెయ్యి లోపలికి చాపాడు. బరువు లాగేటప్పుడు మనిషి భుజం ఎలా బిగుస్తుందో నేను రోజూ చూస్తాను. ఆయన భుజం అలా బిగిసింది. మెడ నరాలు తేలాయి. లాగి, వెనక్కి జరిగి, ఊపిరి వదిలాడు. మెట్ల మీద ఒకరి అడుగుల చప్పుడే వినిపించింది. ఆయన మాత్రం ప్రతి మెట్టుకీ ఆగి, వెనక్కి చూసుకుంటూ, చెయ్యి కొంచెం వెనక్కి ఉంచి దిగాడు. నా పక్కనుంచి వెళ్తుంటే తడి వెదురు వాసన వచ్చింది. ఊక ప్లాంటులో వెదురు ఎక్కడిది?

గేటు దారిలో నిలబడ్డవాళ్లు ఎవరూ చెప్పకుండానే రెండు పక్కలకీ జరిగారు. ఒక మనిషి పోవడానికి అంత దారి అక్కర్లేదు. మా గేటు సెక్యూరిటీ, టిఫిన్ డబ్బా విప్పి చూడందే నన్ను కూడా వదలని మనిషి, చిన్న తలుపు వదిలేసి పెద్ద గేటే తీశాడు. మేస్త్రీ గేటు దాటి, ఆగి, ఎవరో దాటేదాకా చూసి, తను ముందుకు కదిలాడు. రోడ్డు మలుపు దాకా ఆయన వీపు కనిపించింది.

వెనక్కి వచ్చి చూస్తే బోర్డు ఖాళీగా ఉంది. మేస్త్రీ ఆ బోర్డు దగ్గరికి రానేలేదు, నేను చూస్తూనే ఉన్నాను. ప్లాంట్ హెడ్ తీశారేమోనని పైకి వెళ్లి అడిగాను. ఆయన ఆ కిటికీ దగ్గరే నిలబడి ఉన్నారు, బోర్డు వైపుండే కిటికీ. నేను తీయలేదమ్మా అన్నారు. ఆయన మొహం చూశాక ఇంకేం అడగబుద్ధి కాలేదు. కాగితం మీద లోపల ఎవరూ లేరు అన్న చోట నేను సంతకం పెట్టాను. మూత బిగించారు. మబ్బుల వెనక పొద్దు వాలుతుండగా బాయిలర్ వెలిగింది. ఆ హోరు మళ్లీ చెవుల్లో నిండాక అందరూ గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ మధ్యాహ్నం గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

కుర్చీ నాకే వచ్చింది. మా అమ్మ బంధువులందరికీ ఫోన్లు చేసింది. ఇన్‌ఛార్జిగా నేను చేసిన మొదటి పని మేస్త్రీకి సూపర్‌వైజర్ పోస్టు అడగడం. ఏడాదంతా పని, పీఎఫ్, హెల్త్ కార్డు. ప్లాంట్ హెడ్ ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ఒప్పుకున్నారు. కబురు పంపాను, రాలేదు. మళ్లీ పంపాను, రాలేదు. వానలు తగ్గాక బస్సెక్కి, బస్సు దిగి ఆటో పట్టుకుని, వాళ్ల ఊరికి నేనే వెళ్లాను.

మేస్త్రీ ఇంటి ముందు పందిరి కింద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి సంబరపడ్డాడు. పందిట్లో రెండు నులక మంచాలు ఉన్నాయి. నేను దగ్గర ఉన్నదాని మీద కూర్చోబోతే, "గది కాదు బిడ్డా, గీ దాని మీద కూసో" అని తన మంచం మీద జరిగి చోటు ఇచ్చాడు. ప్లాంటులో మేడం, ఇంట్లో బిడ్డ. నేను పోస్టు గురించి చెప్పాను, జీతం చెప్పాను, ఎంత కష్టపడి సాధించానో కూడా చెప్పుకున్నాను. ఇలాంటి అవకాశం వదులుకోవద్దన్నాను. వచ్చే షట్‌డౌన్ మొత్తం మీ చేతిలో పెడతానన్నాను. ప్లాంట్ హెడ్ నాకు చెప్పిన మాటే ఆయనకు చెప్తున్నానని అంటుంటేనే తెలిసింది.

ఆయన అంతా విని, నా చెయ్యి పట్టుకున్నాడు. "నేను పని కోసం రాలే బిడ్డా, ఎన్నడూ రాలే. వాని కోసం వచ్చిన. ఇప్పుడు వాడు ఇంటికాడ ఉన్నడు. నేను ఆడ ఏం జెయ్యాలె?"

నా జీవితంలో నేను కూర్చోవాలనుకున్న కుర్చీ తప్ప, ఇంటికి తెచ్చుకోవాలనుకున్న మనిషి ఎవరున్నారా అని ఆలోచించాను. వాళ్లావిడ టీ తెచ్చింది. నాకొకటి, ఆయనకొకటి, ఖాళీ మంచం కోడు పక్కన నేల మీద ఒకటి పెట్టి వెళ్లింది. ఆ మంచం నులక మధ్యలో కొద్దిగా కిందికి దిగి ఉంది. పాత మంచాలు అలాగే ఉంటాయి.

టీ తాగి లేచాను. మేస్త్రీకి పోయొస్తానని చెప్పి, ఎందుకో ఆ మంచం వైపు కూడా తిరిగి, పోయొస్తానండీ అన్నాను. నాకు తెలియకుండానే వచ్చేసింది ఆ మాట. మేస్త్రీ అటు చూసి నవ్వాడు.

"వాడు ఇంకా మాట్లాడుతలేడు, మస్తు అలిసిపోయిండు" అన్నాడు. "తలకాయ ఊపిండు. పోయిరా బిడ్డా."